టెక్ సందేహాలు: అదే డ్రోన్ మిషన్, ఈసారి చెట్టుకెందుకు గుద్దుకుంది?

ప్రశ్న: మా మేడ మీద నుంచి డ్రోన్ ఎగరేసి, వెనక తోట చుట్టూ తిరిగేలా వేపాయింట్ మిషన్ (ముందే గుర్తుపెట్టిన పాయింట్ల మీదుగా డ్రోన్ తనంతట తానే ఎగిరే దారి) సేవ్ చేశాను. బ్రహ్మాండంగా తిరిగొచ్చింది. వారం తర్వాత అదే మిషన్‌ను పెరట్లో నుంచి మొదలుపెడితే నేరుగా వెళ్లి చెట్టుకు గుద్దుకుంది. జీపీఎస్ ఫుల్‌గా ఉంది, ముందువైపు సెన్సార్లూ ఉన్నాయి. డ్రోన్ పాడైందంటారా?

జవాబు: పాడవలేదు. మీ ప్రశ్నలోనే జవాబుంది: మొదటిసారి మేడ, రెండోసారి పెరడు.

మామూలు డ్రోన్ ఎత్తును ప్రధానంగా గాలి పీడనాన్ని బట్టి కొలుస్తుంది. టేకాఫ్ అయిన చోటును సున్నా అనుకుంటుంది. వేపాయింట్లలో సేవ్ అయ్యే ఎత్తు కూడా చాలా మోడళ్లలో ఆ సున్నా నుంచి లెక్కే. మీ మేడ 9 మీటర్లు, మీరు పెట్టిన ఎత్తు 15 మీటర్లు అనుకుందాం. మొదటిసారి డ్రోన్ నేల నుంచి 24 మీటర్ల ఎత్తున, 18 మీటర్ల చెట్టు మీదుగా దర్జాగా పోయింది. పెరట్లో నుంచి లేచినప్పుడు 15 దగ్గరే ఆగింది. అంటే సరిగ్గా కొమ్మల్లోకి! గుట్ట మీద నుంచి ఎగరేసి, తర్వాత కింద నుంచి ఎగరేసినా ఇదే గొడవ.

మరి సెన్సార్లు? చాలా మోడళ్లలో అవి కెమెరాలే. సన్న కొమ్మలు, కరెంటు తీగలు, అద్దాలు వాటికి సరిగా ఆనవు, మసక వెలుతురులో మరీ కష్టం. ఇంకో సంగతి చాలామంది గమనించరు. మిషన్‌లో డ్రోన్ ముఖాన్ని తోట మధ్యకు తిప్పి ఉంచితే, అది పీతలా పక్కకు నడుస్తుంది. ముందు సెన్సార్లు తోటను చూస్తుంటాయి, ప్రమాదం పక్క నుంచి వస్తుంది. పక్కవైపు సెన్సార్లు లేని మోడల్ అయితే గుడ్డిగా పోతున్నట్టే.

జీపీఎస్ ఫుల్ అంటే గీత గీసినంత కచ్చితం అనుకోకండి. రెండు మూడు మీటర్లు అటూ ఇటూ జరగడం మామూలే. మలుపు దగ్గర వంపు తిరిగేలా పెడితే పాయింట్ దాకా వెళ్లకుండా అడ్డంగా కోసుకుపోతుంది. కొమ్మకు మీటరు దూరంలో పాయింట్ పెట్టి ధీమాగా ఉండేవాళ్లను చూస్తే నాకైతే టెన్షనే.

రిమోట్ సిగ్నల్ పోతే డ్రోన్ ఏం చేయాలన్న సెట్టింగ్‌ను మిషన్ మొదలుపెట్టే ముందే చూడండి. 'మిషన్ కొనసాగించు' అని ఉంటే, మీ చేతిలో లేకపోయినా అది తన దారిన తాను పోతూనే ఉంటుంది. 'రిటర్న్ టు హోమ్' (బయల్దేరిన చోటికే తిరిగి రావడం) పెట్టుకుంటే దాని ఎత్తు దారిలోని అన్నిటికన్నా ఎత్తైన చెట్టును దాటాలి. ఆ ఎత్తూ టేకాఫ్ చోటు నుంచే, మరిచిపోవద్దు. వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటే బ్యాటరీ తొందరగా అయిపోతుంది, కాస్త ఎక్కువే మిగుల్చుకోండి.

ఇకపై కొత్త మిషన్ ఏదైనా ముందు ఆ దారంతా చేత్తో నడిపి చూడండి. తర్వాత తక్కువ స్పీడులో, పాజ్ బటన్ మీద వేలుంచి, డ్రోన్‌ను కంటి చూపు దాటనివ్వకుండా ఆడించండి. సేవ్ చేసేటప్పుడు పేరును 'తోట 1' అని కాకుండా 'తోట, మేడ మీద నుంచి' అని పెట్టుకోండి.