ఫైబర్ నెట్‌కు ఏడాది డబ్బు ఒకేసారి కట్టేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, అత్తమ్మ, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి. నాలుగు ఫోన్లకూ 28 రోజులకోసారి 349 రూపాయల చొప్పున రీఛార్జ్ చేయిస్తున్నాం. అది చాలక అమ్మాయి చిన్న చిన్న డేటా ప్యాక్‌లు వేయించుకుంటుంది, నెలకు వంద దాకా అవుతోంది. మా ఆయనకు వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని. ఇంటికి ఫైబర్ పెట్టించుకుందామంటే ఏజెంటు వచ్చాడు. నెలకు 999 రూపాయల ప్లాన్‌ను ఏడాదికి ఒకేసారి కడితే ఇన్‌స్టలేషన్, రూటర్ ఫ్రీ, ఓటీటీలు కూడా వస్తాయన్నాడు. నెలనెలా అయితే ఇన్‌స్టలేషన్‌కు వెయ్యి కట్టాలట. చిట్టీ డబ్బులో మిగిలిన 15 వేలు చేతిలో ఉన్నాయి. కట్టేయమంటారా?
– ఒక గృహిణి

జవాబు: కనెక్షన్ పెట్టించుకోండి. ఏడాది డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకండి.

ముందు ఆ 999 సంగతి చూద్దాం. మీరు పన్నెండుతో గుణించి 11,988 అనుకుని ఉంటారు. ఇంటర్నెట్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అది కలిపితే నెలకు 1,178 రూపాయల 82 పైసలు, ఏడాదికి 14,145 రూపాయల 84 పైసలు. అంటే మీ చిట్టీ డబ్బు దాదాపు మొత్తం పోయినట్టే. రేట్లు చెప్పేటప్పుడు ఏజెంట్లకు జీఎస్టీ ఎందుకో గుర్తు రాదు.

ఇక అంత ఖరీదైన ప్లాన్‌లో వచ్చే వేగం మీకు కావాలా? నెట్ వేగాన్ని ఎంబీపీఎస్‌లలో కొలుస్తారు. హెచ్‌డీ వీడియో ఒకటి నడవడానికి 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. ఆఫీసు వీడియో మీటింగ్‌కు అంతకన్నా తక్కువే. మీ ఆయన మీటింగ్‌లో, అమ్మాయి క్లాసులో, మీరూ అత్తమ్మా చెరో వీడియోలో ఉన్నా అన్నీ కలిపి 20 దాటదు. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లు 499 రూపాయల దగ్గర దొరుకుతున్నాయి. జీఎస్టీతో 588 రూపాయల 82 పైసలు, ఏడాదికి 7,066. ఏజెంటు చెప్పినదాంట్లో సగం. ఓటీటీల మాటకొస్తే, ఇప్పుడు మీరు డబ్బు కట్టి చూస్తున్నది వాటిలో ఏదైనా ఉంటే దాని ఖరీదు మాత్రం లెక్కలోకి తీసుకోండి. మిగతావి ఎన్ని ఉన్నా సున్నా కిందే లెక్క.

మీరు ఉత్తరంలో అడగని విషయం ఒకటుంది. అసలు డబ్బు అక్కడే ఉంది. ఫైబర్ వచ్చాక ఫోన్ రీఛార్జ్‌లు ఇలాగే కొనసాగిస్తే అది కొత్త ఖర్చే అవుతుంది. వాటిని తగ్గిస్తేనే ఫైబర్ గిట్టుబాటు. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జ్‌లు. ఒక్కో ఫోన్‌కు 4,537 రూపాయలు, నాలుగింటికీ 18,148. ఇంటి బడ్జెట్ వేసేటప్పుడు ఆ పదమూడో రీఛార్జ్‌ను చాలామంది మరిచిపోతారు.

అత్తమ్మ ఫోన్ నుంచి మొదలుపెడదాం. ఆవిడ రోజుకు 2 జీబీ వాడరు కదా. కాల్స్, ఎస్‌ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్‌లు అందుబాటులో పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. ఆ తర్వాత అవి వచ్చాయి. ఏడాదికి అటూఇటూగా 1,800 రూపాయలు. ఇంట్లో వైఫై ఉంటే ఆవిడ వాట్సాప్, భక్తి పాటలు దానిమీదే నడుస్తాయి. పింఛను తాలూకు బ్యాంకు ఎస్‌ఎంఎస్‌లూ వస్తాయి. ఇక్కడే 2,700 దాకా మిగులుతుంది.

అదే పని మీ ఫోన్‌కు చేయకండి. కూరగాయల బండి దగ్గర నిలబడి ఫోన్‌పే తెరిస్తే నెట్ ఉండదు. ‘ఇంటికెళ్లి పంపిస్తాను బాబూ’ అనాల్సి వస్తుంది. మీకు 299 రూపాయల ప్లాన్ చాలు, ఏడాదికి 650 తగ్గుతుంది. మీ ఆయన, అమ్మాయి బయట తిరుగుతారు కాబట్టి వాళ్లవి అలాగే ఉంచండి. అమ్మాయి అదనపు ప్యాక్‌లు ఆగిపోతే 1,200 కలిసొస్తుంది. అన్నీ కలిపితే ఏడాదికి దాదాపు 4,600. 499 ప్లాన్ ఖర్చులోంచి అది తీసేస్తే ఫైబర్ వల్ల మీ మీద పడే అసలు భారం ఏడాదికి రెండున్నర వేల లోపే. నెలకు 210 అనుకోండి. ఏజెంటు ప్లాన్ అయితే ఇదే భారం తొమ్మిదిన్నర వేలు దాటుతుంది.

కేబుల్ టీవీ తీసేసి ఇంకాస్త మిగిల్చుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తారు. ఏడు గంటల సీరియల్ అత్తమ్మకు యాప్‌లో వెతికిపెట్టే ఓపిక మీకుంటే అలాగే కానివ్వండి. నేనైతే మా ఇంట్లో ఆ సాహసం చేయలేదు.

ఇక ఏడాదికి ఒకేసారి కట్టడం. లెక్క ప్రకారం అది చెడ్డ బేరమేమీ కాదు. పన్నెండు నెలలకు కడితే ఒక నెల అదనంగా ఇచ్చే కంపెనీలున్నాయి. అలా ఇస్తే దాదాపు ఏడున్నర శాతం తగ్గింపు. పైగా మీరు ముందుగా కట్టిన డబ్బు వాళ్ల దగ్గర సగటున ఆరు నెలలే ఉంటుంది కాబట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కన్నా ఇదే మేలు. కాకపోతే ఆ తగ్గింపు లైను సరిగ్గా పనిచేసినప్పుడే దక్కుతుంది. మీ వీధిలో లైను ఎలా పనిచేస్తుందో ఇంకా మీకు తెలియదు.

నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక కంపెనీకి ఏడాది డబ్బు ముందే కట్టాను. మా వీధిలో వైరు కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తుంది. ఆ ఏడు వినాయక నిమజ్జనానికి విగ్రహం పోతుంటే పిల్లలు కర్రలతో వైర్లు పైకెత్తారు. ఆ రాత్రి రూటర్ మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమనడం మొదలైంది. ఫోన్ చేస్తే రోజూ ఒకటే మాట: ‘రేపు పంపిస్తాం సార్’. పదకొండు రోజులు పట్టింది. డబ్బు నా దగ్గరే ఉండి ఉంటే మూడో రోజే వేరే ఆపరేటర్‌ను పిలిచేవాణ్ణి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున తీసేసినప్పుడూ ఎన్నో ఇళ్లలో నెట్ ఆగిపోయింది. ఇక కోతుల సంగతి హనుమకొండ వాళ్లకు నేను చెప్పాలా!

అందుకే ఇన్‌స్టలేషన్‌కు వెయ్యి కట్టి, నెలనెలా పద్ధతిలో మొదలుపెట్టండి. ఆ వెయ్యిని కనెక్షన్ నచ్చకపోతే బయటపడే స్వేచ్ఛకు ధర అనుకోండి. మూడు నెలలకు కడితే ఇన్‌స్టలేషన్ ఫ్రీ ఇస్తారేమో కూడా అడిగి చూడండి, చాలాసార్లు దిగివస్తారు. ఒక వానాకాలం, ఒక వినాయక చవితి గడిచాక లైను నిలబడితే అప్పుడు ఏడాదికి కట్టండి. ఏ కంపెనీ అన్నది తేల్చుకునే ముందు పక్కింటివాళ్లను అడగాల్సింది స్పీడ్ గురించి కాదు, పోయినసారి వైరు తెగితే ఎన్నాళ్లకు వచ్చి అతికారని.

కనెక్షన్ మీ ఆయన పేరు మీద తీసుకోండి. ఇంటి నుంచి పని ఉంది కాబట్టి వాళ్ల ఆఫీసులో ఇంటర్నెట్ బిల్లు తిరిగి ఇచ్చే పద్ధతి ఉండొచ్చు. ఉంటే బిల్లు ఉద్యోగి పేరు మీదే అడుగుతారు. ఒకవేళ ఇస్తారనుకోండి, పై లెక్కంతా ఇంకా తేలికైపోతుంది.

బిగించడానికి టెక్నీషియన్ వచ్చిన రోజు మీరు దగ్గరుండాలి. వైరు ఎక్కడ లోపలికొస్తే అక్కడే, అంటే వీధి తలుపు పక్కనే, రూటర్ బిగించి వెళ్లిపోవాలని చూస్తారు. అలా అయితే సిగ్నల్ సగం వీధికి పోతుంది, అమ్మాయి చదువుకునే వెనక గదికి అందదు. అప్పుడు ‘ఇంకా పెద్ద ప్లాన్ వేసుకోండి’ అంటారు. ప్లాన్ పెంచితే గోడ పల్చబడదు కదా. హాలు మధ్యలో, మనిషెత్తున పెట్టమనండి. వైరు పది మీటర్లు ఎక్కువైతే దానికి డబ్బు ఇచ్చినా నష్టం లేదు. రూటర్ డ్యుయల్ బ్యాండ్‌దేనా అని అడగండి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటితే నీరసపడుతుంది. 2.4 నిదానంగా ఉన్నా దూరం పోతుంది. రెండూ ఉంటేనే ఇల్లంతా సాగుతుంది. ఫైబర్ వైరు లోపల ఉండేది వెంట్రుకంత గాజు పోగు, కిటికీ మూలల్లో మడత పెట్టి మేకు కొట్టనివ్వకండి.

కరెంటు పోతే రూటర్ ఆగిపోతుంది, నెట్ కూడా పోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ లేకపోతే రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ వెయ్యికీ పదిహేను వందలకూ మధ్య దొరుకుతుంది. మీ ఆయన మీటింగ్‌ల కోసమైనా అది కొనాల్సిందే.

ఆటోపే గురించి ఒక హెచ్చరిక. ఇంటర్నెట్ బిల్లులాంటి వాటికి 15,000 రూపాయల దాకా ఓటీపీ లేకుండానే ఖాతాలోంచి కట్ అయ్యేందుకు రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉంది. ఒకరోజు ముందు మెసేజ్ వస్తుందంతే. ఏజెంటు ప్లాన్ 14,145 సరిగ్గా ఆ గీతకు లోపలే ఉంది చూశారా? ఆటోపే పెట్టి మరిచిపోతే వచ్చే ఏడాది ఒక పొద్దున అంత మొత్తం చప్పుడు లేకుండా పోతుంది. అమ్మాయి ఫీజు కట్టాల్సిన నెలలోనే అది పడొచ్చు. నెల బిల్లుకైతే ఆటోపే పెట్టుకోండి, ఏడాది బిల్లుకు వద్దు.

చిట్టీ డబ్బులోంచి వెయ్యి ఇన్‌స్టలేషన్‌కు, పదిహేను వందలు యూపీఎస్‌కు, ఆరు వందలు మొదటి నెలకు తీయండి. మిగిలిన దాదాపు 12 వేలను బ్యాంకులో చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, అమ్మాయి ఆఖరి సంవత్సరం ఖర్చులకు ఉంచండి.

ఏజెంటు మళ్లీ వస్తే మూడు విషయాలు వాట్సాప్‌లో రాసి పంపమనండి. జీఎస్టీతో కలిపి నెలకు ఎంత? రూటర్ మనదా, కంపెనీదా? డిపాజిట్ ఏదైనా తీసుకుంటే, కనెక్షన్ వద్దనుకున్నప్పుడు అది ఎన్నాళ్లకు వెనక్కి ఇస్తారు? నోటితో చెబుతానంటే కుదరదనండి.