మియాపూర్ ఫ్లాట్ అమ్మేసి అమలాపురం వెళ్లిపోదామా?

ప్రశ్న: మాది కరీంనగర్, చాలా ఏళ్లుగా మియాపూర్‌లో ఉంటున్నాం. మావారు వచ్చే మార్చిలో 60కి రిటైర్ అవుతున్నారు, షుగర్ ఉంది. 2009లో 28 లక్షలకి కొన్న ఫ్లాట్ ఇప్పుడు 95 లక్షలు పలుకుతోంది. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 60 లక్షలు వస్తాయి. ఫ్లాట్ అమ్మేసి ఆంధ్రా వైపు చిన్న ఊళ్లో ఇల్లు కొనుక్కోవాలని ఆశ. అరకు, భీమిలి, అమలాపురం చూసొచ్చాం, మూడూ నచ్చాయి. ఫ్లాట్ అద్దెకిస్తే 24 వేలు వస్తుంది, అమలాపురంలో ఒక పోర్షన్ 11 వేలకి చూపించారు. ఏ ఊళ్లో కొనాలి?

జవాబు: మేడమ్, ముందు అరకు పక్కన పెట్టేయండి. అది ఏజెన్సీ ఏరియా, అక్కడ 1/70 చట్టం ఉంది, అంటే గిరిజనులు కానివాళ్లు అక్కడ స్థలం గానీ ఇల్లు గానీ కొనలేరు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే కుదరదు. "అగ్రిమెంట్ రాసిస్తాం, లోకల్ వాళ్ల పేరు మీద పెడదాం" అని ఎవరైనా అంటే ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ ఇవ్వొద్దు, రేపు ఆ కాగితం ఏ కోర్టులోనూ నిలవదు. అరకు మీద ఇష్టం ఉంటే చలికాలంలో వెళ్లి నాలుగు రోజులు ఉండి రండి.

భీమిలి మంచి ఊరే, సముద్రం ఉంది, వైజాగ్ హాస్పిటల్స్ దగ్గర. కానీ ఒక పక్క వైజాగ్, ఇంకో పక్క భోగాపురం ఎయిర్‌పోర్ట్ ఉండటంతో అక్కడ రేట్లు చిన్న ఊరి రేట్లు కావు. పైగా ఆ చుట్టుపక్కల స్థలాల్లో డీ-పట్టా భూములు (ప్రభుత్వం పేదలకి ఇచ్చినవి), 22ఎ నిషేధిత జాబితాలో ఉన్నవి (రిజిస్ట్రేషన్ కానివి), తీరానికి దగ్గరైతే సీఆర్‌జెడ్ రూల్స్ (తీరం దగ్గర కట్టడాల మీద ఆంక్షలు), ఇవన్నీ లాయర్‌తో చూపించుకోకుండా అడుగు వేయకూడదు. ఫ్లాట్ డబ్బంతా ఇంటికే పోయేలా ఉంటే నేనైతే వద్దనే అంటాను.

ఇక అమలాపురం. మీ లెక్కకి సరిపోయేది ఇదే, ఊళ్లోనే మెడికల్ కాలేజీ హాస్పిటల్ ఉంది, జిల్లా కేంద్రం కూడా అయింది. అయితే రైలు లేదు, కోటిపల్లి-నర్సాపురం లైన్ ఏళ్ల తరబడి పనుల్లోనే ఉంది, రైలుకైనా విమానానికైనా ఎక్కువగా రాజమండ్రే పోవాల్సి వస్తుంది. మీరు ఏ నెలలో చూసొచ్చారో రాయలేదు గానీ సంక్రాంతికి చూసిన కోనసీమ వేరు, మే నెల ఉక్కపోతలో కోనసీమ వేరు, జులై ఆగస్టుల్లో గోదావరి పొంగినప్పుడు వేరు, 2022 జులై వరదకి లంక గ్రామాలు ఎలా అయ్యాయో అక్కడివాళ్లని అడగండి. కొనాలనుకునే వీధిలోకి నీళ్లు వచ్చాయా, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయా, ఇది బ్రోకర్ చెప్పడు, పక్కింటావిడ చెప్తుంది.

అందుకే నా మాట, ఏమీ అమ్మొద్దు, ఏమీ కొనొద్దు, ఒక ఏడాది ఆ 11 వేల పోర్షన్‌లో ఉండండి. మియాపూర్ అద్దె 24 వేలు వస్తుంది కాబట్టి మీకే నెలకి 13 వేలు మిగులుతుంది. 60 లక్షల్లో 30 లక్షలు మీవారి పేరున సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే ఇప్పుడున్న 8.2 శాతం లెక్కన నెలకి 20,500 పడుతుంది (ఇచ్చేది మూడు నెలలకోసారి), ఇంకో 15 లక్షలు పోస్టాఫీస్ ఎంఐఎస్‌లో (నెలనెలా వడ్డీ ఇచ్చే స్కీమ్) ఇద్దరి పేరున జాయింట్‌గా పెడితే 7.4 శాతానికి 9,250. అద్దె మిగులు కూడా కలిపితే మొత్తం నెలకి దాదాపు 43 వేలు, ఇంకా 15 లక్షలు చేతిలోనే ఉంటాయి.

అదే ఇప్పుడే 60 లక్షల ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్ ఖర్చే 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు, ఊరు పడకపోతే అవి తిరిగి రావు. "ఫ్లాట్ అమ్మితే ట్యాక్స్ పడుతుంది, వెంటనే ఇల్లు కొనెయ్యండి" అని చుట్టాలు కంగారు పెడతారు, ఆ తొందర పడొద్దు. మీది 2024 జులై 23కి ముందు కొన్నది కాబట్టి లాభం మీద నేరుగా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో (అంటే కొన్న ధరని ధరల పెరుగుదల మేరకి పెంచి లెక్కేస్తే) 20 శాతం, ఈ రెండిట్లో తక్కువ పడేదే కట్టొచ్చు. మీ అంకెలకి ఇండెక్సేషన్‌తోనే లాభం, సుమారు 5 లక్షలు, అదీ ఇంకే ఇల్లూ కొనకపోతేనే. అమ్మాక కొనడానికి 2 ఏళ్లు, కట్టుకోడానికి 3 ఏళ్లు టైమ్ ఇస్తారు, రిటర్న్ గడువులోపు లాభం సొమ్ముని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్‌లో వేస్తే చాలు. 5 లక్షలకి భయపడి 60 లక్షలు ఇరికించుకోవడం ఎందుకు చెప్పండి.

తొందరగా చేయాల్సింది ఒక్కటే, హెల్త్ ఇన్సూరెన్స్. మీవారి కంపెనీ గ్రూప్ పాలసీ మామూలుగా రిటైర్ అవ్వడంతో ఆగిపోతుంది, షుగర్ ఉంది కాబట్టి కొత్త పాలసీలో ఆ జబ్బుకి 3 ఏళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా దానికి క్లెయిమ్ ఇవ్వరు. గ్రూప్ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ ఇండివిడ్యువల్ పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కలిసొస్తుంది, కాబట్టి జనవరిలోనే హెచ్ఆర్‌ని అడగమనండి. క్యాష్‌లెస్ లిస్టులో అమలాపురం, రాజమండ్రి, కాకినాడల్లో ఏ హాస్పిటల్స్ ఉన్నాయో చూసుకున్నాకే సంతకం పెట్టండి.