"నేనెవుర్ని కాపాడల్ల మా?"

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. ఏడాది నుంచి మూతి చుట్టూ, వేళ్ల మీద, మోకాళ్ల మీద బొల్లి మచ్చలు వస్తున్నాయి. బళ్లో పిల్లలు పక్కన కూర్చోవడం లేదు. మొన్న ఇంట్లో పుట్టెంటికల పండగకు పాప ఓలిగ తుంచి మా మరిది కొడుకు చేతిలో పెడితే, మా తోడికోడలు గబుక్కున లాక్కుని పక్కన పడేసింది. మా అత్త చూసి కూడా ఏమీ అనలేదు. అందరినీ కలుపుకుపోవాలని చెప్పే బొమ్మల పుస్తకాలు మంచివంటే నాలుగు కొని, రోజూ రాత్రి చదివి వినిపిస్తున్నా. ఒకదాంట్లో మచ్చల కొంగను మిగతా కొంగలు తరిమేస్తాయి. చివర్లో అది వేటగాడి నుంచి అందరినీ కాపాడితే మళ్లీ చేరదీస్తాయి. అది విని పాప "నేనెవుర్ని కాపాడల్ల మా?" అనింది. అప్పట్నుంచి ఆ పుస్తకాలు ముట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు పాప అడిగినదానికి జవాబు చెప్పండి. "నువ్వు ఎవర్నీ కాపాడాల్సిన పని లేదు. ఆడుకుంటే చాలు." ఈ మాట మీ నోటి నుంచే వినాలి. బిడ్డకు కథ బాగా అర్థమైంది. మచ్చలున్నందుకు ఏదో ఒక గొప్ప పని చేసి చూపిస్తేగానీ పక్కన కూర్చోనివ్వరని ఆ పుస్తకం చెప్పింది, ఆమె అదే విన్నది. ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. మంచి మనసుతోనే రాస్తారు, కానీ అవి నాకు నచ్చవు.

ఆ నాలుగూ పక్కన పెట్టేయండి. కలుపుకుపోవాలన్న పాఠం మీ పాపకెందుకు? ఓలిగ తుంచి పెట్టింది ఆమేగా. ఆ పాఠం కావాల్సింది లాక్కున్నవాళ్లకు, చూసి ఊరుకున్నవాళ్లకు.

పాపకు వేరే రకం పుస్తకాలు కావాలి. కొనేముందు ఒకటి గమనించండి: ఆ పిల్ల మచ్చో, చెవి మిషనో, చేతికర్రో తీసేసినా కథ నిలబడుతుందా? గాలిపటం చెట్టుకు చిక్కింది, మేకపిల్ల తప్పిపోయింది, వెతికే పిల్లల్లో ఒకరికి మచ్చలున్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. అలాంటి పుస్తకం దొరికితే వదలొద్దు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, ఫోన్‌లోనూ దింపుకోవచ్చు. చెన్నైలోని తులిక, హైదరాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థలవీ చూడండి.

మీ మరిది కొడుక్కి, బళ్లో పిల్లలకి మాత్రం మనుషుల కథలే చదవాలి. టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పంచుకోవడం గురించి ఒక కథ చదివి, తర్వాత స్టిక్కర్లు పంచుకోమని చూశారు. కథలో మనుషులుంటే పిల్లలు ముందుకంటే ఎక్కువ పంచారు, మనుషుల్లా మాట్లాడే జంతువులుంటే ఆ మార్పు రాలేదు. కొంగను చూసి అయ్యోపాపం అన్న పిల్లాడికి పక్క బెంచీలో ఉన్న పిల్ల గుర్తొస్తుందన్న నమ్మకం లేదు. టీచరుతో మాట్లాడి అలాంటి కథ క్లాసులో అందరికీ చదివించండి. కానీ చదువుతూ మీ పాప వైపు చూడొద్దని, పేరు ఎత్తొద్దని ముందే గట్టిగా చెప్పండి. ఎవరైనా అడిగితే చెప్పడానికి పాపకు చిన్న జవాబు నేర్పండి: "ఇది బొల్లి. నొప్పి లేదు, అంటుకోదు. ఆటకు వస్తావా?"

ఇక ఇంటి సంగతి. ఇది పుస్తకాలతో తీరేది కాదు. బొల్లి అంటురోగం కాదు. ఒంట్లోని రోగనిరోధక శక్తి పొరపాటున చర్మానికి రంగిచ్చే కణాల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. ముట్టుకుంటే, ఒకే పళ్లెంలో తింటే రాదు. పాలూ చేపలూ కలిపి తింటే వస్తుందన్నదీ అబద్ధం. పెద్దవాళ్లు దీన్ని కుష్ఠు అనుకుని భయపడతారు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, బొల్లి మచ్చలో స్పర్శ మామూలుగానే ఉంటుంది. మీరు చెప్తే మీ అత్తగారు వినకపోవచ్చు. కడప రిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగానికి పాపను తీసుకెళ్లేటప్పుడు ఆమెనూ వెంటబెట్టుకెళ్లండి, డాక్టరు నోటితో విననివ్వండి. పూతమందులున్నాయి, లైట్ చికిత్స ఉంది, పిల్లల్లో చాలామందికి రంగు కొంతైనా తిరిగొస్తుంది.

మీ ఉత్తరంలో మీ ఆయన మాట ఎక్కడా లేదు. తమ్ముడితో, మరదలితో మాట్లాడాల్సింది ఆయనే. గొడవ అక్కర్లేదు. "నా కూతురు పెట్టింది మీ పిల్లాడు తినొచ్చు, ఏం కాదు" అని ఎదురుగా కూర్చుని చెప్పాలి, పాప పెట్టిన ముద్ద అందరి ముందూ తాను తినాలి.

ఒక రోజు తెల్ల కాగితాలు నాలుగు కుట్టి, రంగు పెన్సిళ్లిచ్చి, తన కథ తననే గీసుకోమనండి. బొమ్మలో మచ్చలు వేసినా, వేయకపోయినా మీరు ఏమీ అనొద్దు. అది ఆమె ఇష్టం.

పొద్దున్నే కడుపునొప్పి అని బడి మానడం, తిండి తగ్గడం, నిద్రలో ఉలిక్కిపడటం రెండు వారాలు దాటితే ఆలస్యం చేయొద్దు. మనసు బాగోలేనప్పుడు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నాకూ మళ్లీ రాయండి, మీ ఆయన ఏమన్నారో కూడా.