చంకలో పిల్లాడున్న పిల్ల గురించి

తమ్ముడూ,

నీ కథ చదివాను. పద్నాలుగేళ్ల పిల్ల ఎనిమిది నెలల తమ్ముణ్ణి చంకనేసుకుని, తాగొచ్చిన నాన్న కంటబడకుండా పక్కింటివాళ్ల అరుగు మీద తెల్లార్లూ కూర్చోవడం వరకూ నమ్మాను. ఆ తర్వాత నువ్వు ఆ పిల్లని దేవతని చేసేశావు. త్యాగమూర్తి అన్నావు, కన్నతల్లిని మించిందన్నావు. అక్కణ్ణుంచి ఆ పిల్ల కనబడలేదు, నువ్వే కనబడ్డావు.

పొగడకు. ఏం చేసిందో రాయి. నాన్న వచ్చే వేళకి చీర ఉయ్యాల్లోంచి పిల్లాణ్ణి లేవకుండా తీయాలి. ముందే తీస్తే నిద్ర చెడి రాగం అందుకుంటాడు, ఆలస్యమైతే ఆ కేకలకే ఉలిక్కిపడి లేస్తాడు. గుమ్మంలో బండి స్టాండు వేసిన తీరుని బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆ పిల్లకి తెలిసిపోతుంది. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి బాలామృతం ఇస్తారు కదా, నెలకి 2.5 కిలోల ప్యాకెట్టు. అది పసివాడిది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు ఆ పిండి ఎవరు తిన్నారు? అక్కే రెండు చెంచాలు నోట్లో వేసుకుని, ప్యాకెట్టు మూతి మళ్లీ మడిచి రబ్బరు బ్యాండు వేసిందనుకో. నీ పొగడ్తలన్నీ కొట్టేసి అది పెట్టు.

వాడి మీద ఆ పిల్లకి కోపం కూడా రావాలి. పొద్దున లెక్కల పరీక్ష, వీడేమో నిద్రపోడు. ఒకసారి గిల్లే ఉంటుంది. గిల్లాక కుమిలిపోయిందని మాత్రం రాయకు, అలాంటి ఇంట్లో దానికి తీరిక ఉండదు.

ఇక ముగింపు. ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయగానే జీపు వచ్చింది, ఇద్దరూ గట్టెక్కారు, కథ కంచికి! ఆ నంబరుకి ఏ వేళప్పుడైనా చేయొచ్చు, చేయాల్సిందే. కానీ ఆ తర్వాతేమవుతుందో తెలుసుకుని రాయి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందుకు తేవాలి. ఇంటికే పంపాలా, అమ్మమ్మకో మేనత్తకో అప్పగించాలా, హోంలో ఉంచాలా అన్నది వాళ్లు తేలుస్తారు. హోం అంటే ఇద్దరికీ ఒకటే కప్పు కాదు. ఆరేళ్లలోపు పసివాళ్లది శిశుగృహ, పెద్ద ఆడపిల్లలది బాలసదనం. ఈ సంగతి ఆ పిల్ల చెవిన ఎవరో వేశారనుకో. ఫోన్ చేతిలో ఉండి కూడా ఎందుకు చేయలేదో నీకు దొరికినట్టే. వీణ్ణి నాన్న నుంచి తప్పించాలంటే తన నుంచి కూడా తప్పించాలేమో! నీ కథ ఇక్కడుంది, నువ్వేమో జీపెక్కించి పంపేశావు.

తల్లిని పురిట్లోనే చంపడం ఎందుకు? అడ్డమనా? బతకనీ. పత్తి ఏరి వచ్చి, ఒళ్లు పులిసిపోయి, కూతురు పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి వెళ్లడం చూసి కూడా నోరెత్తని తల్లిని రాయడం కష్టమే. అయినా రాయి.

మళ్లీ రాసి పంపేటప్పుడు ఆ నాన్న ఏం పని చేస్తాడో కూడా చెప్పు. ఇప్పటిదాకా అతను తాగడం తప్ప ఇంకేమీ చేయలేదు.

మీ అన్న