నీళ్లు చూసి నారు పొయ్యాలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఈ వానాకాలం నుంచి మీ నాన్న చేసిన ఐదున్నర ఎకరాలు నువ్వే చేస్తానన్నావని అక్క ఫోన్లో చెప్పింది. చెప్తూ ఏడ్చిందో నవ్విందో నాకు అర్థం కాలేదు. నాకైతే సంతోషమే. నువ్వు మెసేజీలో రెండు అడిగావు: ఏ విత్తనం పెట్టాలి, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు వస్తాయి అని. అవి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఏ మడికి ఏ నీళ్లు పారుతున్నాయో అది చూడు.

మీ భూమి ఒక్క చోట లేదు. సాగర్ ఎడమ కాలువ నుంచి చీలే మేజరు (పెద్ద పిల్లకాలువ) చివర రెండెకరాలు, ఊరచెరువు కింద ఎకరన్నర, ఎర్ర చెలకలో బోరు కింద రెండెకరాలు. అన్నిటిలో పండేది వరే అయినా మూడు రకాల సేద్యం చెయ్యాలి. బావ ఉన్నన్నాళ్లు ఈ తేడా ఎవరికీ చెప్పకుండానే చేసుకుపోయాడు. అందుకే నీకు అంతా ఒక్కటే అనిపిస్తోంది.

కాలువ సంగతి ముందు చెప్తా. 1967లో ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు నాకు పదేళ్లు. మన దాకా ఆ నీళ్లు రావడానికి తర్వాత ఇంకా ఏళ్లు పట్టింది. అప్పట్నుంచి నేను నేర్చుకున్నది, కాలువ నీళ్లు నీ తుకం, అంటే నారుమడి, చూసి రావు. పైన శ్రీశైలం నిండి, సాగర్‌కు వరద వచ్చి, అధికారులు మాట్లాడుకుని, అప్పుడు గేట్లు ఎత్తుతారు. పేపర్లో రోజూ సాగర్ మట్టం వేస్తారు, అది చూడటం అలవాటు చేసుకో. నిండితే 590 అడుగులు. 510 దగ్గరికి దిగిందంటే కాలువ మీద ఆశ పెట్టుకోవద్దు. 2023లో సాగర్ నిండలేదు, ఆ యాసంగిలో (రబీలో) ఎడమ కాలువ కింద పొలాలు బీడు పడ్డాయి. మరుసటి ఏడు సాగర్ నిండింది గదా అని నిమ్మళంగా ఉంటే, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు నడిగూడెం దగ్గర కాలువకే గండి పడింది. నీళ్లు ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. నీది మేజరు చివరి భూమి కాబట్టి రెండూ నీకే ముందు తగులుతాయి.

మరి ఏం చెయ్యాలి? నీళ్లు వచ్చిన రోజున నువ్వు తయారుగా ఉండాలి. తుకం బోరు కింద పొయ్యి. ఎకరానికి రెండు గుంటలు, ఇరవై, ఇరవై ఐదు కిలోల విత్తనం చాలు. కాలువ వదిలేనాటికి నారు ఇరవై ఐదు రోజులది చేతిలో ఉంటే, పైవాళ్లు దున్నుతుండగానే నువ్వు నాట్లు ముగించవచ్చు. కాలువ వచ్చాక తుకం పోసేవాడు నెల వెనకబడతాడు, ఆ నెల చివర్లో నీళ్ల దగ్గర తేలుతుంది. విత్తనం కూడా తేదీని బట్టే ఎంచుకో. 5204 అనే సన్నరకం అన్నం బాగుంటుంది, ధర ఉంటుంది, కానీ దానికి నూట యాభై రోజులు కావాలి. జూన్‌లో తుకం పడితే పెట్టు. కాలువ మీద నమ్మకం లేక జూలై ఆఖరుకు జరిగిందంటే 5204 పేరు ఎత్తకు, ఈనేనాటికి, అంటే వెన్ను బయటికొచ్చేనాటికి, చలి తగిలి తాలు గింజలు ఎక్కువవుతాయి. తెలంగాణ సోనా అంటున్నాం చూడు, ఆ 15048, నూట ఇరవై, నూట ఇరవై ఐదు రోజుల్లో చేతికొస్తుంది. చివరి ఆయకట్టు వాడికి నెల తక్కువ తాగే పంట నెల ముందు దొరికే డబ్బుతో సమానం.

ఇంకో మాట. ఇప్పుడు పుస్తకాల్లో, ఫోన్లలో అందరూ చెప్తున్నారు, మడిని ఆరబెట్టి తడపమని. నేనూ బోరు కింద అదే చేస్తా, ముందు ముందు చెప్తా. కానీ వారబందీ మీద, అంటే వంతుల వారీగా, వచ్చే కాలువ కింద ఆ పద్ధతి పెట్టుకోవద్దు. ఈ వారం నీళ్లు నీ వంతు, వచ్చే వంతు ఎప్పుడో కాలువ నీళ్లు చూసే లష్కరుకే తెలియదు. ఆరబెట్టిన మడికి వంతు రాకపోతే నల్లరేగడి నెర్రెలు బారుతుంది, తర్వాత పెట్టిన నీళ్లన్నీ ఆ నెర్రెల్లోకే పోతాయి. కాలువ కింద ఒడ్డు ఎత్తు పెంచి, ఎండ్రకాయ బొక్కలు పూడ్చి, వచ్చిన నీళ్లను నిలబెట్టుకోవడమే తెలివి. యూరియా చల్లేటప్పుడు మాత్రం నీళ్లు పలుచన చేసి చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ పెట్టు. మడి నుంచి మడికి పారే చోట నువ్వు చల్లిన యూరియా కిందివాడి పొలంలో పచ్చబడుతుంది. చాలా ఏళ్లు నేను పక్కవాడి వరికి ఎరువు వేశాను, ఆయన మాత్రం ఒక్కసారి కూడా టీ తాగించలేదు.

చెరువు కింద ఎకరన్నర నాకు ఎక్కువ ఇష్టం. లెక్క కంటికి కనబడుతుంది గదా. వానాకాలం సంగతి వదిలెయ్, చెరువు నిండి మత్తడి దూకితే ఏ చింతా లేదు. కార్తీకంలో కట్ట మీదికి వెళ్లి నిలబడు. తూము మెట్లు ఎన్ని మునిగి ఉన్నాయో చూసుకో. అందరూ కూర్చుని ఎన్ని ఎకరాలకు యాసంగి అని ఒక మాట అనుకున్న ఏడు అందరికీ ఎంతో కొంత పండుతుంది. అనుకోని ఏడు అందరూ నాట్లు వేసి, మార్చిలో తూము దగ్గర కొట్లాడుకుంటారు. చెరువు నీళ్లు వదిలే నీరటిని గౌరవించు. ఆయన రాత్రిపూట తూము మూయడం వల్లే ఏప్రిల్‌లో మడి తడిసింది. అదును తప్పితే ఎంత కష్టపడ్డా వృథాయే అని మనవాళ్లు ఊరికే అనలేదు, 'మఖ పుబ్బలు వరపైతే మీ అన్న సేద్యం నా సేద్యం మన్నే' అని. అయితే ఆ మఖ, పుబ్బ కార్తెల్లో వాన మొహం చాటేసినా చెరువు ఒకటి రెండు తడులు ఇస్తుంది. పొట్టకొచ్చే పైరుకు ఆ రెండు తడులే ప్రాణం. ఎండాకాలంలో చెరువు మట్టి తోలుకుంటే చెలకకు తోలు, ఒండ్రు పడ్డ ఎర్ర నేల నీళ్లను పట్టి ఉంచుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు అందరం ట్రాక్టర్లు కట్టి తోలాం. ఆ తోలిన చోటు ఇప్పటికీ తేడా తెలుస్తుంది.

బోరు దగ్గరే నీకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. మిగతా రెండిటికీ ఎవరినో అడగాలి, బోరుకైతే స్టార్టరు నొక్కితే చాలు. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు. ఐదు హెచ్‌పీ మోటారు ఇరవై గంటలు తిరిగితే దాదాపు 75 యూనిట్లు, మనకు బిల్లు రాదు గనుక అది కనబడదు. భూమిలో నీళ్లు దిగడం మాత్రం కనబడుతుంది.

నా కథే విను. 2016 వేసవి. అంతకు ముందు రెండేళ్లూ వానల్లేవు. నాలుగెకరాలు బోరు కింద యాసంగి వేశాను. పొట్ట దశలో బోరు ఆగి ఆగి పొయ్యడం మొదలుపెట్టింది. నీళ్లు చూసేవాణ్ని పిలిపిస్తే కొబ్బరికాయ అరచేతిలో నిలబడింది, ఇక్కడే నీళ్లన్నాడు. అప్పు తెచ్చి నాలుగు వందల అడుగులు వేయించా, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రెండెకరాలు గొర్లకు వదిలేసి, ఉన్న నీళ్లతో మిగతా రెండూ గట్టెక్కించుకున్నా. మొదటే రెండెకరాలు వేసి ఉంటే అప్పూ ఉండేది కాదు, పెట్టుబడీ పోయేది కాదు.

అందుకే ఇప్పుడు నాటు వేసే ముందు డ్రమ్ముతో లెక్క కడతా. నువ్వూ కట్టు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, ఫోన్లో సెకన్లు చూడు. నలభై సెకన్లలో నిండితే గంటకు పద్దెనిమిది వేల లీటర్లు. ఎకరం మీద ఒక్క అంగుళం నీళ్లు నిలబెట్టడానికే లక్ష లీటర్ల పైచిలుకు కావాలి. ఎర్ర చెలకలో యాసంగి ఎండకు ఇంకేదీ ఆవిరయ్యేదీ కలిసి రోజుకు ముప్పావు అంగుళం పోతుందనుకో, ఎకరానికి 77 వేల లీటర్లు. అదే బోరు ఏప్రిల్ వచ్చేసరికి ఎనభై సెకన్లకు డ్రమ్ము నింపుతుంది, అంటే గంటకు తొమ్మిది వేలే. ఒక్క ఎకరానికి ఎనిమిదిన్నర గంటలు. రెండెకరాలకు పదిహేడు గంటలు, మధ్యలో మోటారు కాలితే పంట పోయినట్టే. డిసెంబరులో నీళ్లు దండిగా పోస్తాయి, ఆ ధారను చూసి నాటు వేసుకోకు, ఏప్రిల్ ధారను మనసులో పెట్టుకో. ఒక ఎకరం వరి, రెండో ఎకరంలో వేరుశనగో పెసరో వెయ్యి. అక్క వరే వెయ్యమంటుంది, నా పేరు చెప్పు.

వేసిన ఆ ఎకరంలో ఆరబెట్టి తడిపే పద్ధతి పాటించు. అడుగు పొడవు పైపు ముక్కకు కింది సగం బొక్కలు పెట్టి, ఆ సగం మడిలో పాతు. నాటిన ఇరవై రోజుల తర్వాత నుంచి, పైపు లోపల నీళ్లు మడి మట్టానికి అర అడుగు కిందికి దిగాకే మోటారు వెయ్యి. పై మట్టి ఆరినట్టుంటే భయపడకు, వేర్లకు తడి అందుతూనే ఉంటుంది. పొట్టకొచ్చి ఈనే దాకా మాత్రం ఆరబెట్టవద్దు, పలుచగా నీళ్లు ఉండాలి. కోతకు పది రోజుల ముందు పూర్తిగా ఆపెయ్. కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్టార్టరు ఉంటే తీసెయ్. నువ్వు నిద్రపోతుంటే అది భూమిని తోడుతుంది.

బోరు నీళ్లతో రెండు తలనొప్పులున్నాయి. ఒడ్ల మీద తెల్లగా పొర కడితే నీళ్లలో ఉప్పు ఉన్నట్టు, మట్టి, నీళ్లు రెండూ పరీక్ష చేయించు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మధ్య తుప్పు రంగు మచ్చలు వస్తే జింకు లోపం. దుక్కిలో ఎకరానికి ఇరవై కిలోల జింకు సల్ఫేట్ వేస్తే ఆ బెడద తగ్గుతుంది, కానీ డీఏపీతో కలపకు. ఒక మేలు కూడా చెప్పాలి. డిసెంబరు చలికి తుకం పసుపుబారి ఎదగదు, అప్పుడు పొద్దున బోరు నీళ్లు పెట్టు, గోరువెచ్చగా ఉంటాయి. రాత్రి చల్లబడ్డ నీళ్లు ముందు తీసెయ్.

చివరగా ఒకటి. మీ బోరు చెరువు కట్టకు దిగువన ఉంది. చెరువు నిండిన ఏడు ఏప్రిల్‌లో కూడా అది ఆగదు, ఎండిన ఏడు ఫిబ్రవరికే నసుగుతుంది. కాలువ పారితే ఆ ఊట ఊళ్లో బావులన్నిటికీ అందుతుంది. బోరు నాది, చెరువు ఊరిది అనుకోవడం తప్పని తెలియడానికి నాకు పాతికేళ్లు పట్టింది. అందుకే కాలువ భూమిలో వంతు తప్పిన ఏడు ఒకటి రెండు తడులకు బోరు నీళ్లు దాచిపెట్టు. ఆ రెండెకరాల దాకా పైపు వేసుకోవడానికి ఖర్చవుతుంది, అయినా రెండో బోరు వేయించడం కన్నా అది నయం.

శనివారం పొద్దున బస్సుకు వస్తా. డ్రమ్ము కడిగి పెట్టు. చెరువు తూము షట్టరు బిగుసుకుపోయిందని నీరటి అన్నాడట, గ్రీజు డబ్బా నేను తెస్తాను. అక్కకు చెప్పు, మధ్యాహ్నానికి పచ్చిపులుసు చెయ్యమని.

నీ మామయ్య