తొలి చదువరికి రైలు పుస్తకాలు

ప్రశ్న: మా మనవడు ఒకటో తరగతి పూర్తి చేశాడు. మా ఇల్లు రైల్వే గేటుకు దగ్గర కావడం వల్ల వాడికి రైలంటే ప్రాణం. కథల పుస్తకాలు కొనిస్తే పక్కన పెట్టి, “రైలు పట్టాల మీంచి ఎందుకు జారిపోదు నాయనమ్మా?” అని అడుగుతాడు. గుణింతాలు వచ్చు గాని, వత్తు కనిపించిన చోటల్లా ఆగిపోతాడు. నిజమైన రైళ్ల గురించి వాడే చదువుకోగల పుస్తకాలను ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ మనవడి ప్రశ్ననే గీటురాయిగా పెట్టుకోండి. రైలు చక్రానికి లోపలి వైపు అంచు పైకి లేచి ఉంటుందని, ఆ అంచు చక్రాన్ని పట్టా దాటి పక్కకు పోనివ్వదని, పట్టా మీద దొర్లే భాగం కొద్దిగా ఏటవాలుగా ఉండడం వల్ల బండి పట్టాల నడుమకు తనంతట తానే సర్దుకుంటుందని ఒక బొమ్మతో, నాలుగు మాటలతో చెప్పగలిగిన పుస్తకమే వాడికి కావలసినది. రైలుకు కళ్లూ నోరూ పెట్టి మాట్లాడించే పుస్తకాలు ముచ్చటగా ఉంటాయి, కాని అవీ కథలే.

చదవడంలోని కష్టాన్ని పదం పొడవును బట్టి అంచనా వేయకండి. గుణింతాలు వచ్చిన పిల్లవాడు “కదిలిపోయింది” అన్న మాటను కూడబలుక్కుని చదివేస్తాడు. రెండక్షరాల “చక్రం” దగ్గర నిలిచిపోతాడు. “గేటు పడింది. లారీ ఆగింది. రైలు కదిలిపోయింది. గేటు లేచింది.” ఈ నాలుగు వాక్యాలలో ఒక్క వత్తూ లేదు, అయినా జరిగినదంతా ఉంది. పట్టా, చక్రం, గార్డు వంటి మాటలు తప్పవు కనుక, వాటిని బొమ్మ పక్కనే మళ్లీ మళ్లీ చూపే పుస్తకం మేలు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో పిల్లల పుస్తకాలను నాలుగు స్థాయిలుగా విడదీసి ఉచితంగా ఉంచారు. తెలుగు పుస్తకాలలో మొదటి స్థాయి నుంచి వెతకండి.

బొమ్మలను కూడా పరీక్షగా చూడండి. ఈనాటి రైలంటూ పొగగొట్టం ఇంజను వేసిన పుస్తకం, 25,000 వోల్టుల తీగ కింద నడిచే బండ్లను రోజూ చూసే పిల్లవాడికి సరిపోదు. ఆవిరి ఇంజన్ల కాలం నాటి సంగతిగా చెబితే మాత్రం అది విలువైనదే. మీకు దగ్గరలోని బిట్రగుంట ఆ రోజులలో పెద్ద ఇంజన్ షెడ్డుకు పేరు పొందిన ఊరు.

మన వైపు రైళ్ల మీద ఇటువంటి పుస్తకం దొరకకపోతే మీరే ఒకటి కుట్టి ఇవ్వండి. పడుగుపాడు దాటగానే వచ్చే పెన్న వంతెన, ఆ నదికి ఉన్న మరో పేరు పెట్టుకున్న పినాకిని ఎక్స్‌ప్రెస్, కృష్ణపట్నం రేవు బొగ్గు మోసే గూడ్సు బండి, తిరుపతి దారి చీలే గూడూరు జంక్షన్: పుటకు ఒక బొమ్మ, ఒక వాక్యం చాలు. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. ఆ లెక్కన మీ వసారాలో సుద్దతో రెండు గీతలు గీసి వాటి నడుమ వాడిని పడుకోబెట్టండి. తన ఎత్తు కంటే అది ఎంత వెడల్పో వాడే కొలిచి చివరి పుటలో రాసుకుంటాడు.