నాన్నకు వెంటిలేటర్ తీసేయమంటే మా మీద కేసు అవుతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గర పల్లె. మా నాన్నకు 71 ఏళ్లు. బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి మూడు వారాలుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నారు. స్పృహ లేదు, ఇక కోలుకోరని డాక్టర్లు అంటున్నారు. బాగున్నప్పుడు నాన్న "నన్ను గొట్టాల మీద బతికియ్యకుండ్రి బిడ్డా" అని చాలాసార్లు అన్నారు కానీ, కాగితం మీద రాయలేదు. అన్నయ్యేమో "కొడుకునై ఉండి నేనెట్ల సంతకం పెడత" అంటున్నాడు. ఎవరికైనా డబ్బులిచ్చి ఇంజెక్షన్ చేయిద్దామని చిన్నాన్న అంటున్నాడు. ఏది చేస్తే కేసు అవుతుంది? ఇదంతా చూసి అమ్మ తన సంగతి ఇప్పుడే రాసిపెట్టుకుంటానంటోంది. అది చెల్లుతుందా?

జవాబు: అమ్మా, ముందు ఇంజెక్షన్ మాట మానేయండి. ఇంట్లో ఎవరూ ఆ మాట మళ్లీ ఎత్తకుండా చూడండి. ప్రాణం తీయడానికి మందు ఇవ్వడం మన దేశంలో హత్యే, ఇచ్చింది డాక్టరైనా సరే. చనిపోయే మనిషి మేజరై, తానే ఒప్పుకుంటే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అప్పుడు కూడా శిక్ష తగ్గుతుందే తప్ప నేరం పోదు. మీ నాన్నకు స్పృహే లేదు కాబట్టి ఆ మినహాయింపు కూడా మీకు దొరకదు. డబ్బులిచ్చినవాళ్లు, పక్కన ఉండి సాయపడినవాళ్లు అందరూ 103వ సెక్షన్ కింద హత్య కేసులోకి వస్తారు. ఆ సెక్షన్‌లో ఉన్న శిక్ష యావజ్జీవం లేదా ఉరి, పైన జరిమానా.

వెంటిలేటర్ తీసేయడం వేరు. కోలుకునే ఆశ లేనప్పుడు చికిత్స ఆపి, జబ్బు దారిన జబ్బును పోనివ్వడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2011లో ఏళ్ల తరబడి స్పృహ లేకుండా మంచాన ఉన్న ముంబై నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో మొదటిసారి దీనికి దారి ఇచ్చింది, కానీ ప్రతిసారీ హైకోర్టు అనుమతి కావాలంది. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ఆసుపత్రిలోనే నిర్ణయం జరిగే పద్ధతి పెట్టింది. అది మరీ చిక్కుగా ఉందని డాక్టర్లు మొత్తుకుంటే 2023 జనవరిలో సులువు చేసింది.

ఇప్పుడు పద్ధతి ఇదీ. వైద్యం చేస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ల అనుభవమున్న ఇద్దరు స్పెషలిస్టులు కలిసి మొదటి బోర్డుగా కూర్చుంటారు. ఇక లాభం లేదని వాళ్లు తేలిస్తే, దగ్గరి బంధువుల సమ్మతి రాతపూర్వకంగా తీసుకుంటారు. తర్వాత రెండో బోర్డు చూస్తుంది. అందులో జిల్లా వైద్యాధికారి నియమించే డాక్టరు ఒకరు ఉండాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. ఇద్దరిదీ ఒకే మాటైతే ఆసుపత్రి మేజిస్ట్రేటుకు సమాచారమిచ్చి చికిత్స ఆపుతుంది. ఇక్కడ మనవాళ్లు పొరబడే సంగతి ఒకటుంది. వైద్యాధికారి, మేజిస్ట్రేటు అంటే ఆసుపత్రి ఉన్నచోటివాళ్లు. పేషెంటుది ఏ ఊరని చూడరు, కాబట్టి నల్లగొండ ఆఫీసుల చుట్టూ తిరగకండి. బోర్డు వేయమని ఆసుపత్రి సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, కాపీ మీద ముద్ర వేయించుకోండి.

బిల్లు భరించలేక "ఇంటికి తీస్కపోతం" అని సంతకం పెట్టి, అంబులెన్సులో ఊరికి తెచ్చి గొట్టం తీయించడం మన దగ్గర చాలా జరుగుతోంది. వాళ్లను తప్పుపట్టే మనసు నాకు లేదు. కానీ కోర్టు చెప్పిన పద్ధతి అది కాదు. అన్నాచెల్లెళ్ల మధ్య మాట కలవని మీలాంటి ఇంట్లో రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే, మీ చేతిలో ఉండేది ఆ సంతకం ఒక్కటే.

అన్నయ్యను ఒత్తిడి చేయకండి. చంపడానికి సంతకం పెడుతున్నానని ఆయన అనుకుంటున్నారు. డాక్టర్ల ముందు కూర్చోబెట్టి మాట్లాడించండి. చికిత్స ఆపడమంటే వదిలేయడం కాదు. నొప్పి, ఆయాసం తెలియకుండా మందులు చివరిదాకా ఇవ్వాల్సిందే, ఆ పాలియేటివ్ కేర్ గురించి మీరే గట్టిగా అడగండి. అప్పటికీ ఒప్పుకోకపోయినా, బోర్డు కాదన్నా, 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు.

మిషన్ తీసినా మనిషి పోతాడు, ఇంజెక్షన్ ఇచ్చినా పోతాడు, తేడా ఏముందని చాలామంది అడుగుతారు. అది తీసిపారేసే ప్రశ్న కాదు. నెదర్లాండ్స్, బెల్జియం 2002లోనే డాక్టరు చేతి మరణాన్ని చట్టబద్ధం చేశాయి. మన హైదరాబాద్‌లో కండరాలు క్రమంగా చచ్చుబడే మస్కులర్ డిస్ట్రోఫీతో ఉన్న చెస్ క్రీడాకారుడు వెంకటేష్ అవయవదానం కోసం ముందే వెళ్లిపోతానన్నాడు. తల్లి హైకోర్టుకెళ్లినా కోర్టు ఒప్పుకోలేదు, 2004 డిసెంబరులో అతను చనిపోయాడు. ఆ తల్లి బాధ అబద్ధమని ఎవరనగలరు? అయినా ఇంజెక్షన్‌కు చట్టం తలుపు తీయకూడదనే నేనంటాను. పాస్‌బుక్కు ఎవరి పేరు మీదికి మారాలో, ఆసుపత్రి అప్పు ఎవరు కట్టాలో మంచం పక్కనే మాట్లాడుకునే ఇళ్లు నేను చూశాను. అలాంటి చోట ముసలివాళ్లు "నేను పోతా" అంటే ఆ మాట వాళ్లదో, మనం అనిపించిందో తేల్చడం ఏ జడ్జికీ సాధ్యం కాదు.

అందుకే అమ్మ ఆరోగ్యంగా ఉండగా రాస్తాననడం మంచిదే, అది చెల్లుతుంది. ఎలాంటి పరిస్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా రాయాలి. తన తరఫున నిర్ణయం చెప్పేవాళ్ల పేర్లు ఉండాలి, ఒకరికంటే ఎక్కువమందిని పెట్టవచ్చు. మీ అన్నయ్యనూ పెట్టమనండి. ఇద్దరు సాక్షులు, వీలైతే బయటివాళ్లు, సంతకం చేయాలి. నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే పని 2023తో పోయింది. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. కాపీలు పేర్లున్న ప్రతి ఒక్కరికీ, మీ ఫ్యామిలీ డాక్టరుకూ, స్థానిక సంస్థ అధికారికీ ఇవ్వండి. బీరువాలో దాస్తే అవసరం వచ్చిన రోజు ఎవరికీ దొరకదు.

రాసే ముందు అమ్మ పక్కన కాసేపు కూర్చోండి. నాన్నను చూసిన దిగులుతో బతుకు మీదే విరక్తి పుట్టి అంటున్నట్టయితే, కాగితం తర్వాత చూసుకోవచ్చు. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416కు, ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

వకీలు ఖర్చు గురించి భయపడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. నల్లగొండ కోర్టులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు నాన్న కేసు షీటు, స్కానింగు రిపోర్టులు, మీరు ఆసుపత్రికిచ్చిన అర్జీ కాపీ వెంట తీసుకెళ్లండి.